పెట్టె మీద నా పేరు

పోయినేడాది మా ఆఫీసుకి కొరియర్‌లో ఒక ల్యాప్‌టాప్ వచ్చింది. మిషన్ మామూలుదే గానీ దానికి అప్పజెప్పబోయే పని మామూలుది కాదు. మేం రాసే సాఫ్ట్‌వేర్ కస్టమర్ల దగ్గరికి వెళ్ళేముందు దాని మీద మా కంపెనీ డిజిటల్ సంతకం పడాలి. ఆ సంతకానికి తాళంచెవి లాంటి రహస్య అంకె ఉండబోయేది ఈ ల్యాప్‌టాప్‌లోనే. అందుకని, ఎప్పుడూ చింపి అవతల పారేసే అట్టపెట్టెని ఆ రోజు కాస్త పట్టి చూశాను. కంపెనీవాళ్ళ టేపు మీద గోధుమరంగు టేపు ఇంకోటి వేసి ఉంది. దాన్ని మెల్లగా ఊడదీస్తే కింద కంపెనీ టేపుకి నిలువునా బ్లేడు కోత. లోపల ల్యాప్‌టాప్‌ని బోర్లించి చూస్తే, అడుగు మూత స్క్రూలలో ఒకదాని గాడి అరిగి ఉంది, ఎవరో సరిపడని స్క్రూడ్రైవర్‌తో తిప్పినట్టు.

గుండె గుభేలుమంది అని రాస్తే కథ రక్తికడుతుంది గానీ, నిజానికి ముందొచ్చింది చిరాకు. అమ్మినతనికి ఫోన్ చేశాను.

"అదా సార్, మీరు 16 జీబీ అడిగిన్రు కదా, కంపెనీ నుంచి 8 తోనే వస్తది. మేమే విప్పి ఇంకో స్టిక్కు ఏసినం. టెస్టింగ్ చేసే పంపినం, బేఫికర్‌గా వాడుకోండ్రి."

నిజమే చెప్పాడు. మూత తీసి చూస్తే ర్యామ్ స్టిక్కులు రెండు, రెండూ వేర్వేరు కంపెనీలవి. మన దగ్గర ఇది రోజూ జరిగే పనే. అడగకుండానే విప్పి, అడిగింది వేసి, టేపేసి పంపుతారు. అతను మంచివాడే, రేటు కూడా న్యాయంగానే వేశాడు. కానీ మంచివాడు విప్పిన పెట్టెకీ చెడ్డవాడు విప్పిన పెట్టెకీ తేడా చెప్పే సాధనం నా దగ్గర ఏదీ లేదు. సీలు పగలడమే మామూలైపోయిన చోట పగిలిన సీలు ఏ కబురూ మోసుకురాదు.

ఆ సాయంత్రం ఖాళీ పెట్టెని మడుస్తుంటే పైన అతికించిన చీటీ కనిపించింది. నా పేరు, నా ఫోన్ నంబరు, కంపెనీ పేరు, ఎన్నో అంతస్తో కూడా. ఆ పెట్టె మూడు రోజులు దారిలో ఉంది. చేతులు మారిన ప్రతిచోటా అది ఎవరికి వెళ్తోందో పైనే రాసి ఉంది. బ్లేడు కోత కన్నా ఈ చీటీయే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ఎందుకో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. ల్యాప్‌టాప్‌ని అకౌంట్స్ వాళ్ళకిచ్చేశాను. కొత్త మిషన్ వచ్చిందని వాళ్ళు సంతోషపడ్డారు.

ఇలాంటి పెట్టెనొకదాన్ని 2014లో లోకమంతా ఫోటోలో చూసింది. ఎన్‌ఎస్‌ఏ అనే అమెరికా నిఘా సంస్థకి పనిచేసిన ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన కాగితాల్లో, ఆ సంస్థ లోపలివాళ్ళు 2010లో రాసుకున్న నోట్ ఒకటుంది. దాంతోపాటు ఫోటోలు. రౌటర్లు చేసే సిస్కో కంపెనీ పేరు అచ్చేసిన అట్టపెట్టె, చుట్టూ మనుషులు, చిరగకుండా పెట్టెని విప్పుతున్నారు. పద్ధతి ఆ నోట్‌లోనే ఉంది. తమకి కావలసినవాళ్ళకి వెళ్తున్న రౌటర్లనీ సర్వర్లనీ దారిలో ఆపి, రహస్య స్థలానికి మళ్ళించి, లోపల తమ సామాను పెట్టి, మళ్ళీ ప్యాక్ చేసి, అసలు అడ్రసుకే పంపించేస్తారు. తమ పనుల్లో బాగా గిట్టుబాటయ్యేవాటిలో ఇదొకటని కూడా రాసుకున్నారు.

ఈ పనికి ఫ్యాక్టరీలో మనిషిని పెట్టుకోనక్కర్లేదు, సిస్కోవాళ్ళకి తెలియనక్కర్లేదు, లక్ష రౌటర్లని పాడుచేయనక్కర్లేదు. ఏ పెట్టె ఎవరిదో తెలిస్తే చాలు. ఆ కబురు పెట్టె మీదే ఉంటుంది.

సిస్కో పెద్దాయన జాన్ ఛాంబర్స్ అప్పట్లో ఒబామాకి ఉత్తరం రాశారు. అంతకన్నా నాకు నచ్చింది 2015లో ఆ కంపెనీ భద్రతాధికారి చెప్పిన మాట. మరీ జాగ్రత్త అవసరమైన కస్టమర్ల సరుకుని సంబంధంలేని అడ్రసులకి పంపుతున్నామన్నాడు, అసలు ఎవరిదో దారిలో ఎవరికీ అర్థం కాకుండా. మొదటిసారి చదివినప్పుడు నవ్వుకున్నాను. కోట్ల కోట్ల కంపెనీ, ఎన్ని రకాల ఎన్‌క్రిప్షన్ చేతిలో ఉండి, చివరికి చేసింది పక్కింటి అడ్రసుకి పార్సిల్ తెప్పించుకోవడమా అని. ఇప్పుడు నవ్వు రావట్లేదు. హార్డ్‌వేర్ భద్రత గురించి నేను చదివినవాటిలో అంత చవకగా అంత పని చేసే ఉపాయం ఇంకోటి లేదు.

ఇక్కడ ఇద్దరిని విడదీయాలి. ఒకడు దొంగ, ఇంకొకడు పగవాడు. దొంగకి మీరెవరైనా ఒకటే. జేబులో డబ్బుంటే చాలు, జేబు ఎవరిదన్నది అతనికి పట్టదు. పగవాడు అలా కాదు, మీ జేబే కావాలి.

దొంగ చేతిలో నేనూ పడ్డాను. మా బావగారి షష్టిపూర్తి వీడియోలన్నీ ఒకచోట పెట్టి ఇద్దామని ఆన్‌లైన్‌లో 2 టీబీ పెన్‌డ్రైవ్ ఒకటి కొన్నాను, ఏడొందలకి. ఆ ధరకి అంత స్థలం రాదని నాకు తెలియాలి, నా వృత్తే అది. ఆశ. కాపీ చక్కగా అయింది, ఫైళ్ళ పేర్లు కనిపిస్తున్నాయి, సైజులు సరిగ్గా ఉన్నాయి. నెల తర్వాత అక్క ఫోన్: "ఒరే, అభిషేకం దాకా వస్తోంది, తర్వాత ఏం తెరిచినా నల్లగానే ఉందిరా." ఎఫ్3 అని ఒక ఉచిత ప్రోగ్రాముంది. డ్రైవ్‌ని అంచుదాకా నింపి, రాసిందంతా వెనక్కి చదివి సరిచూస్తుంది. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి తేలింది: అసలు ఉన్నది 32 జీబీ లోపే. పెన్‌డ్రైవ్‌లో ఉండే బుల్లి కంట్రోలర్ చిప్పుకి అబద్ధం నేర్పారు. ఎంత ఉందని కంప్యూటర్ అడిగితే 2 టీబీ అంటుంది, నిండిపోయాక వచ్చిందంతా గాలికి వదిలేస్తూ "రాశాను, రాశాను" అంటుంది. అన్నదానాల దగ్గర లెక్క రాసే గుమాస్తా గుర్తొచ్చాడు.

అదీ సరఫరా గొలుసులో జరిగిన ట్యాంపరింగే. కాకపోతే దొంగతనానికి విరుగుడు తేలిక. అతను అమ్మిన ప్రతి పెన్‌డ్రైవూ అంతే కాబట్టి, ఒక్కటి పరీక్ష చేస్తే మొత్తం బండారం బయటపడుతుంది. పగవాడి దగ్గర ఈ పరీక్ష పనికిరాదు. బజార్లో వెయ్యి ముక్కలు తెచ్చి కోసి చూసినా వెయ్యీ శుభ్రంగా ఉంటాయి. పాడైనదొక్కటే, అది మీ ఇంట్లో ఉంది.

పగవాడి పనితనం చూడాలంటే 1984 మాస్కోకి వెళ్ళాలి. అక్కడి అమెరికా రాయబార కార్యాలయంలో ఏదో లీకవుతోందని అనుమానం వచ్చి, ఎన్‌ఎస్‌ఏ వాళ్ళు ఆ భవనంలోని ఎలక్ట్రానిక్ సామానంతా, దాదాపు 11 టన్నులు, కొత్తది పెట్టి పాతది అమెరికాకి మోసుకొచ్చారు. ఒక్కొక్కటీ ఎక్స్‌రే తీశారు. మొదట కనిపెట్టినవాళ్ళకి 5,000 డాలర్ల బహుమానం అన్నారు. టెలిప్రింటర్లూ రహస్యలిపి యంత్రాలూ అన్నీ శుభ్రం. జులైలో ఒక రాత్రి ఒక టెక్నీషియన్‌కి ఎక్స్‌రే ఫిల్ములో ఉండకూడని తీగచుట్ట ఒకటి కనిపించింది, ఐబీఎం సెలెక్ట్రిక్ టైపురైటర్‌లో. ఎవరూ పట్టించుకోని సామాను. టైపు చేసినప్పుడు అక్షరాల బంతి తిరుగుతుంది కదా, ఆ కదలికకి జరిగే అయస్కాంత మార్పుల్ని, లోపలి లోహపు కడ్డీలో దాచిన పరికరం పసిగట్టి, ఏ అక్షరం కొట్టారో రేడియోలో పంపుతోంది. కడ్డీ పైకి మామూలు కడ్డీలాగే ఉంటుంది. రేడియో కూడా సోవియట్ టీవీ ప్రసారాల పక్క తరంగాల్లో దాక్కుని పలుకుతుంది. మొత్తం 16 టైపురైటర్లు బయటపడ్డాయి. ఎనిమిదేళ్ళపాటు, రహస్యలిపిలోకి మారకముందే, కాగితం మీద పడుతుండగానే అక్షరాలు పోయాయన్నమాట. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఇంటి సామానే అయికూర్చుంది.

ఐబీఎం టైపురైటర్లు అప్పట్లో ప్రపంచమంతా ఉండేవి. వాటన్నిట్లో ఈ 16టికే ఈ గతి ఎందుకు పట్టింది? అవి ఎక్కడికి వెళ్తున్నాయో తెలుసు కాబట్టి.

నలభై ఏళ్ళ తర్వాత లెబనాన్. 2024 సెప్టెంబరు 17 మధ్యాహ్నం హిజ్బుల్లా అనే అక్కడి సాయుధ సంస్థ మనుషుల పేజర్లు ఒక్కసారిగా పేలాయి, మర్నాడు వాకీటాకీలు. రెండు రోజుల్లో ముప్పై మందికి పైగా పోయారు, అందులో పిల్లలున్నారు. వేలమందికి గాయాలు, ఎంతోమందికి చూపు పోయింది. సెల్‌ఫోన్లయితే ఇజ్రాయెల్ వింటుందని భయపడి వాళ్ళు పేజర్లకి మారారు. ఆ పేజర్ల వెనకున్నదీ ఇజ్రాయెలే: తైవాన్ కంపెనీ పేరు, బుడాపెస్ట్‌లో ఒక డొల్ల కంపెనీ, బ్యాటరీలో కలిపేసిన పేలుడు పదార్థం. దీన్ని సాంకేతిక అద్భుతంగా మెచ్చుకుంటూ రాసినవాళ్ళని చూస్తే నాకు వికారం పుట్టింది. కూరగాయల దుకాణం ముందు నిలబడ్డవాడి పక్కన ఎవరున్నారో ఆ పేజర్‌కి తెలియదు. కానీ ఒక కొనుగోలుదారుగా నేను నేర్చుకున్నదీ ఉంది. వేల పేజర్లు ఒకే ఆర్డరు, ఒకే కొనుగోలుదారు, అతనెవరో అమ్మేవాడికి ముందే తెలుసు. బజార్లో పదిచోట్ల పది కొని ఉంటే ఈ పన్నాగం నడిచేది కాదు.

ఇవన్నీ చెప్తే మనవాళ్ళు వెంటనే అనే మాట "అందుకే చైనా సామాను కొనకూడదు". ప్రభుత్వం వెళ్తున్న దారీ అదే. టెలికాం కంపెనీలు తమ నెట్‌వర్కుల్లో పెట్టే పరికరాలని నమ్మదగిన వర్గాల నుంచే కొనాలని 2021 జూన్ 15 నుంచి నిబంధన. సీసీటీవీ కెమెరాలకి 2025 ఏప్రిల్ నుంచి హార్డ్‌వేర్ దగ్గర్నుంచి సోర్స్‌కోడ్ దాకా పరీక్ష తప్పనిసరి. మంచివే, వద్దనను. పాస్‌వర్డ్ మార్చడానికి కూడా వీల్లేని కెమెరాల్ని వీధివీధికీ బిగించుకున్నాం మరి. కానీ ల్యాబ్‌కి వెళ్ళిన కెమెరా వేరు, మా వీధి చివర స్తంభానికి వేలాడుతున్నది వేరు. పరీక్ష దొంగని పట్టుకుంటుంది. పగవాడు ల్యాబ్ గుమ్మం తొక్కనే తొక్కడు, ల్యాబ్‌కీ స్తంభానికీ మధ్య ఎక్కడో కాచుకుని ఉంటాడు.

అయినా పుట్టిన దేశాన్ని బట్టి నమ్మడం ఎంత ప్రమాదమో క్రిప్టో ఏజీ కథ చెప్తుంది. స్విట్జర్లాండ్ కంపెనీ. అంతకన్నా తటస్థమైన దేశం ఏముంటుందని 120కి పైగా దేశాలు దాని దగ్గర రహస్యలిపి యంత్రాలు కొన్నాయి. వాటిలో ఇండియా ఉంది, పాకిస్తానూ ఉంది. 1970 నుంచి ఆ కంపెనీ యజమానులు అమెరికా సీఐఏ, పశ్చిమ జర్మనీ బీఎన్‌డీ అనే గూఢచారి సంస్థలని 2020 ఫిబ్రవరిలో బయటపడింది. చాలామంది వదిలేసే వివరం ఒకటుంది: అందరికీ ఒకే యంత్రం అమ్మలేదు. స్నేహితులకి గట్టిది, మిగతావాళ్ళకి వాళ్ళు చదువుకోగలిగేది. ఏ పెట్టె ఎవరికో తెలుసు కాబట్టే అది కుదిరింది. కొనేటప్పుడు మనం అమ్మేవాడి జాతకం చూశాం. అతను మన జాతకం చూసి సామాను కట్టాడు.

సరే, పెట్టె ఎలాగో వచ్చింది, లోపల చూసుకుంటే పోదా? 2018 అక్టోబరులో బ్లూమ్‌బెర్గ్ పత్రిక ఒక సంచలనం రాసింది, సూపర్‌మైక్రో సర్వర్ బోర్డుల మీద చైనావాళ్ళు బియ్యపుగింజంత చిప్పు పెట్టారని. యాపిల్, అమెజాన్, సూపర్‌మైక్రో ముగ్గురూ ఖండించారు. అలాంటి బోర్డునొకదాన్ని ఇప్పటిదాకా బహిరంగంగా ఎవరూ చూపించలేదు. నాకా కథ మీద నమ్మకం లేదు. కానీ అది వచ్చిన మర్నాడు మా ఎండీ గారు పిలిచి "మనవాటిలో ఉందేమో చూడండి" అన్నారు. సర్వర్ ఆపి, మూత తీసి, టార్చి పట్టుకుని వంగాను. బియ్యపుగింజంత ముక్కలు వందలున్నాయి. కెపాసిటర్లు, రెసిస్టర్లు, ఏమిటో నాకే తెలియనివి. గంగిరెద్దులా అరగంట తలాడించి, మూత బిగించి, "ఏం లేదు సార్" అన్నాను. ఆ మాటకి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఉన్నా అదే అనేవాణ్ణి, ఎందుకంటే కనిపించేది కాదు.

బోర్డు సంగతే ఇలా ఉంటే చిప్పు లోపలి సంగతి చెప్పనక్కర్లేదు. 2016లో మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏ2 అని పేరుపెట్టి ఒక పని చేసి చూపించారు. కోట్ల ట్రాన్సిస్టర్ల మధ్య ఒక చిన్న కెపాసిటర్ లాంటిది దాస్తారు. పక్కనున్న తీగలో సంకేతం అటూఇటూ మారిన ప్రతిసారీ దాంట్లోకి చుక్క చుక్కగా విద్యుదావేశం చేరుతుంది. ఊరుకుంటే కారిపోతుంది. ఒక వింత ప్రోగ్రాము నడిపి ఆ తీగని గబగబా ఊపితే నిండుతుంది, నిండగానే ఆ ప్రోగ్రాము నడిపినవాడు యజమాని అయిపోతాడు. మామూలు పరీక్షల్లో అది ఎప్పటికీ నిండదు, కాబట్టి ఎవరికీ దొరకదు. సాఫ్ట్‌వేర్‌కయితే హ్యాష్ అనే వేలిముద్ర లాంటి అంకె లెక్కగట్టి అక్షరం మారినా పట్టుకుంటాం. చిప్పుకి హ్యాష్ లేదు. లోపల చూడాలంటే పొరలు పొరలుగా గీకాలి, గీకాక అది పనిచేయదు. ముత్యాన్ని పగలగొట్టి అసలుదని తేల్చుకున్నట్టు.

మధ్యలో ఒక మాట. ఇంటెల్ ప్రాసెసర్ల పక్కనే మేనేజ్‌మెంట్ ఇంజిన్ అని ఇంకో బుల్లి కంప్యూటరుంది. దాన్ని ఆపే దారి కొనుక్కున్నవాడికి ఇవ్వలేదు. 2017లో రష్యా పరిశోధకులు తవ్వి చూస్తే, దాన్ని దాదాపు నిద్రపుచ్చే రహస్య స్విచ్చు ఒకటి బయటపడింది. అది ఎన్‌ఎస్‌ఏ కార్యక్రమం ఒకదాని కోసం పెట్టింది. అంటే తయారుచేసిన దేశమే ఆ సామానుని పూర్తిగా నమ్మలేదు, తనవరకు వేరే ఏర్పాటు చేయించుకుంది. దేశభక్తితో చిప్పులు కొనేవాళ్ళు దీన్ని గోడకి అతికించుకోవాలి.

ఆండ్రూ హువాంగ్ అని సింగపూర్‌లో ఉండే హార్డ్‌వేర్ ఇంజినీరు ఉన్నాడు. అందరూ ఆయన్ని బన్నీ అంటారు. చైనా ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి తిరిగినవాడు, నకిలీ మెమరీ కార్డుల మూలం వెతుక్కుంటూ వెళ్ళినవాడు. డిజైన్ అంతా బయటపెట్టినంత మాత్రాన హార్డ్‌వేర్ నమ్మదగ్గది అయిపోదని 2019లో ఆయనే చెప్పాడు, తను జీవితమంతా ఓపెన్ హార్డ్‌వేర్ కోసం కొట్లాడి కూడా. తనిఖీ ఒకచోట, వాడకం ఇంకోచోట అయితే మధ్యలో ఎవరైనా చేయి పెట్టొచ్చు కదా. ఆయన తయారుచేసిన ప్రికర్సర్ అనే చేతి పరికరంలో కీబోర్డు బోర్డుని దీపానికెదురుగా పట్టి చూసుకోవచ్చు, తెరని సూక్ష్మదర్శినిలో చూసుకోవచ్చు. అసలు చమత్కారం లోపలుంది. మామూలు ప్రాసెసర్ పెట్టలేదు. ఎఫ్‌పీజీఏ అని, కొత్త పలక లాంటి చిప్పు. మనం ఏం రాస్తే ఆ సర్క్యూట్‌గా మారుతుంది. ప్రాసెసర్‌ని మన ఇంట్లో మనమే దాని మీద రాసుకుంటాం, రాసిన ప్రతిసారీ చోట్లు మార్చి రాసుకోవచ్చు. ఏ2 లాంటిది పెట్టాలంటే ఏ తీగ పక్కన పెట్టాలో ఫ్యాక్టరీలోనే తెలిసుండాలి. ఇక్కడ ఆ తీగ ఇంకా పుట్టనే లేదు. తను ఏం కాబోతోందో చిప్పుకే తెలియదు, చిప్పు చేసినవాడికి అసలే తెలియదు.

సిస్కో పక్కింటి అడ్రసూ, బన్నీ కొత్త పలకా ఒకటేనని తట్టిన రోజు నాకు కాసేపు కుర్చీలోంచి లేవాలనిపించలేదు. ఒకరు పెట్టె మీద పేరు తీసేశారు, ఇంకొకరు చిప్పు మీద.

మన దగ్గర ఈ ఉపాయాన్ని అన్నిటికన్నా పెద్ద ఎత్తున వాడుతున్నది ఎన్నికల సంఘం. ఈవీఎంలు తయారుచేసేది రెండే సంస్థలు, బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాద్ ఈసీఐఎల్. నేను రోజూ బస్సు మారే చౌరస్తాకి ఆ పేరే. ఏ యంత్రం ఏ నియోజకవర్గానికి, తర్వాత ఏ పోలింగ్ కేంద్రానికి అన్నది రెండుసార్లు కంప్యూటర్‌లో కలిపి తేలుస్తారు, పార్టీల మనుషుల ఎదుటే. ఏ బటన్ ఎవరిదన్నది అభ్యర్థుల జాబితా ఖరారయ్యేదాకా ఎవరికీ తెలియదు. పోలింగ్ రోజు పొద్దున ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్ల మాక్ పోల్. ఎన్నికల సంఘం వాదనలో నాకు బలంగా కనిపించేది ఈ భాగమే. చిప్పు పవిత్రత గురించి వాళ్ళు చెప్పేది నన్నంతగా కదిలించదు. ఫ్యాక్టరీలో దుర్బుద్ధి పెట్టినా, ఎవరికి వేయాలో ఆ దుర్బుద్ధికి తెలియాలి కదా.

తెలియజెప్పే దారులున్నాయి, అది కూడా చెప్పాలి. 2010లో హైదరాబాదీ ఇంజినీరు హరి ప్రసాద్, మిషిగన్ ఆచార్యుడు అలెక్స్ హాల్డర్‌మన్, నెదర్లాండ్స్‌కి చెందిన రోప్ గోంగ్రైప్ కలిసి ఒక అసలు ఈవీఎం చేతపట్టుకుని చూపించారు. ఫలితం చూపించే డిస్‌ప్లే బోర్డు స్థానంలో అచ్చం అలాగే ఉండే తమ బోర్డు పెట్టారు. ఎవరిని గెలిపించాలో తర్వాత ఫోన్ నుంచి బ్లూటూత్‌లో చెప్పారు. యంత్రం ఎక్కడినుంచి తెచ్చావో చెప్పమని ఆ ఆగస్టులో హరి ప్రసాద్‌ని ఇంటి దగ్గర అరెస్టు చేసి ముంబై తీసుకెళ్ళారు. లోపం చూపించినవాణ్ణి పట్టుకెళ్ళడం సిగ్గుచేటని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. తర్వాత వీవీప్యాట్ వచ్చింది. ఓటు కాగితం మీద పడుతుంది, మంచిదే. కానీ కాగితం మీద గుర్తు అచ్చేయాలంటే ఏ బటన్‌కి ఏ గుర్తో ఆ యంత్రానికి ముందే ఎక్కించాలి. సింబల్ లోడింగ్ యూనిట్ అని దానికో పరికరం. దాంతో "యంత్రానికి ఎవరు ఎవరో తెలియదు" అన్న గోడకి ఒక కన్నం పడింది. ఎక్కించేది వీవీప్యాట్‌కే, ఓట్లు లెక్కపెట్టే కంట్రోల్ యూనిట్‌కి కాదని సంఘం అంటుంది. అయినా 2024 ఏప్రిల్ 26 తీర్పులో సుప్రీంకోర్టు, స్లిప్పులన్నీ లెక్కించాలన్న కోరికని కొట్టేస్తూనే, ఆ లోడింగ్ యూనిట్లని ఫలితాల తర్వాత 45 రోజులు సీలు వేసి ఉంచమంది. రెండు, మూడు స్థానాల్లో వచ్చినవాళ్ళు అడిగితే 5 శాతం యంత్రాల చిప్పులని పరీక్షించమంది. కోర్టువారు వేలు పెట్టింది సరిగ్గా ఆ కన్నం మీదే అనిపించింది. నామటుకు నేను ఇంకొన్ని ఎక్కువ స్లిప్పులు లెక్కపెడితే సొమ్మేం పోదంటాను. కాగితానికి చిప్పుతో చుట్టరికం లేదు.

"ఇదంతా సర్కార్లకీ గూఢచారులకీ. మన కాస్త ఆస్తికి ఇంత కాపలా ఎందుకు మామా?" అన్నాడు మా మేనల్లుడు. వాడూ ఐటీయే, డాలస్‌లో. నా ఆస్తికి అక్కర్లేదు, నిజమే. కానీ పగవాడికి కావలసింది నేను కాకపోవచ్చు, నాగుండా వెళ్ళేది కావచ్చు. సోలార్‌విండ్స్ అనే కంపెనీ పేరు 2020 డిసెంబరు ముందు బయటివాళ్ళు ఎంతమంది విన్నారు? వాళ్ళ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో విషం కలిపితే, వాళ్ళ సంతకంతోనే అది దాదాపు 18,000 చోట్లకి చేరింది. మేం అందులో వెయ్యో వంతు కూడా కాదు గానీ, మా సంతకం చూసి కళ్ళు మూసుకుని తలుపు తీసే ఆసుపత్రులు కొన్నున్నాయి. అక్కడ బిల్లింగ్ కౌంటర్‌లో కూర్చునే అమ్మాయికి నా ల్యాప్‌టాప్ స్క్రూ గాడి సంగతి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

అందుకని ఈసారి కొరియర్ వద్దనుకున్నాను. ఒక శనివారం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ల బజారు సీటీసీకి వెళ్ళాను. పూర్తి పేరు చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరికీ సీటీసీయే. ముందుగా ఫోన్ చేయలేదు, మోడల్ కూడా దారిలో అనుకున్నదే. నాలుగు కొట్లు తిరిగి, ఐదోదాంట్లో ఒకే మోడల్ పెట్టెలు ఆరు దొంతర పెట్టి ఉంటే కింద నుంచి రెండోది తీయమన్నాను. కుర్రాడు విసుక్కుంటూ పైవి దించాడు. అతను ర్యామ్ వేసిస్తానన్నాడు. వద్దు, ఎంతుంటే అంతే చాలన్నాను. సీలు నేనే చూసి నేనే కోశాను.

అప్పుడడిగాడు, "బిల్లు ఏ పేరు మీద సార్? జీఎస్టీ నంబరుందా?"

కంపెనీ సొమ్ము కాబట్టి చెప్పక తప్పదు. కానీ అప్పటికి పెట్టె నా చంకలో ఉంది.

పెద్ద సంస్థలకి ఇలా కుదరదని తెలుసు. 500 మిషన్లు కొనేవాడు సీటీసీలో దొంతరలు దించమనలేడు. అతను ఇద్దరు ముగ్గురు డిస్ట్రిబ్యూటర్ల దగ్గర కొని, అవసరానికి మించి పది తెప్పించుకుని, ఏది ఎవరి బల్ల మీదకి వెళ్ళాలో సరుకొచ్చాక చీట్లు వేసి తేల్చుకోవచ్చు. "ఇది డైరెక్టర్ గారికి" అని ఆర్డరులో రాయడం మానేస్తే సగం పని అయినట్టే. మా ఊళ్ళో భూములు పంచుకునేటప్పుడు కొలిచినవాడు చివరి వాటా తీసుకునేవాడు. ఆ తెలివి మనకి కొత్తేం కాదు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి దగ్గర మెరుపుల నెయిల్‌పాలిష్ అడిగాను. అడుగు మూత స్క్రూలన్నిటి మీదా ఒక్కో బొట్టు. ఈ చిట్కా నాది కాదు, 2013 డిసెంబరులో హాంబర్గ్ హ్యాకర్ల సభలో ఇద్దరు చెప్పింది. మెరుపు రేణువులు ఎలా పడితే అలా ఆరిపోతాయి, అదే వరసలో మళ్ళీ వేయడం వేసినవాడి తరం కూడా కాదు. ఆరాక దగ్గరగా ఫోటోలు తీసి పెట్టుకోవాలి. అనుమానం వచ్చినప్పుడు ఇంకో ఫోటో తీసి రెండూ ఒకదాని తర్వాత ఒకటి టకటకా మార్చి చూస్తే, కదిలిన రేణువు మిణుకుమంటుంది. 1930లో ప్లూటోని కనిపెట్టింది ఇలాగే, రెండు రాత్రుల ఫోటోలు మార్చి మార్చి చూసి. మూడో స్క్రూ దగ్గర చేయి వణికి బొట్టు పక్కకి కారింది. "నాన్నా, నీకు గోళ్ళు కూడా వేయనా?" అంది మా అమ్మాయి. వాళ్ళమ్మ మాత్రం ఏమీ అనలేదు, ఆ సీసా ధర చెప్పింది.

వారంటీ రిజిస్టర్ చేయలేదు. పేరు, అడ్రసు, సీరియల్ నంబరు మూడూ ఒకే ఫారంలో అడిగారు.

పద్నాలుగు నెలలయింది. నెలకోసారి ఫోటో తీస్తున్నాను, రేణువులు ఎక్కడివక్కడే ఉన్నాయి. కానీ ఈ మధ్య ఫ్యాన్ నుంచి గరగర వస్తోంది. విప్పి దుమ్ము దులిపితే పోతుందేమో, పోకపోతే ఫ్యాన్ మార్చాలి. సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే కంపెనీ పేరు, కాంటాక్ట్ పేరు రాయించుకుని, నాలుగు రోజులు అక్కడ వదిలి వెళ్ళమన్నారు. ఆలోచించి చెప్తానన్నాను. వేరే సీసా కొనాలి, పాతది ఎండిపోయింది.